తలుపు కొట్టినవాళ్ల పుస్తకం

పాటల టీచరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అనేవాళ్లు. ముక్కు మీద ఉండేదైతే ఒక్క తుమ్ముకు పోయేది. ఆవిడకు అది ఎముకల్లో ఉండేది. బళ్లో పిల్లలు పెట్టిన పేరు మిరపకాయ టీచరు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ పేరు వింటూనే పాటలు నేర్పింది. విన్న ప్రతిసారీ వెనక్కి తిరిగి ఎవడ్రా అది అని గద్దించింది. రిటైరైన రోజున పిల్లలందరూ కలిసి ఆ పేరుతోనే సాగనంపితే మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆవిడ నేర్పే పద్ధతి ఒకటుంది, అది చెప్పకపోతే ఈ కథ నడవదు. ఏ క్లాసులోనైనా నలుగురైదుగురు నోరు విప్పని పిల్లలుంటారు. సిగ్గో, భయమో, ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. అలాంటి పిల్లల్ని పాడమని ఆవిడ ఏనాడూ బలవంతపెట్టలేదు. వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి చేత్తో ఏడు దెబ్బలు వేసేది. ఎనిమిదోది వేసేది కాదు. చెయ్యి గాల్లో ఆపి వాళ్ల వంక చూస్తూ నిలబడేది. ఎంత మొండిఘటమైనా ఆ ఖాళీని భరించలేడు. ఇవాళ కాకపోతే రేపు, వేలి కొనతోనైనా ఆ ఎనిమిదో దెబ్బ వేస్తాడు. అంతేరా, పాడేశావు పో అనేది. ఆ వెంటనే ఇంటిపని. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు ఎనిమిది దెబ్బలూ నువ్వే వేసుకో, చెయ్యి మర్చిపోకూడదు అని. ఇంటిపని ఇవ్వకుండా ఆవిడ ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు. ఆ అలవాటే కొంప ముంచింది.

రిటైరైన నెల తిరక్కుండానే ఆవిడ రోగులకు పాడతానంటూ మానసిక ఆసుపత్రి మెట్లెక్కింది. ఆ వయసులో అక్కడేం పని అని అడిగినవాళ్లకు మా తమ్ముడి పని అని చెప్పేది. తమ్ముడు ఇరవై రెండేళ్ల వయసులో అలాంటి ఆసుపత్రిలోనే నలభై రోజులు ఒంటరి గదిలో ఉన్నాడు. ఆ నలభై రోజులూ అక్కను మెట్ల దగ్గరి నుంచే తిప్పి పంపేశారు. తర్వాత బాగుపడ్డాడు, ఉద్యోగం చేశాడు, పెళ్లి చేసుకున్నాడు, యాభై దాకా బతికి గుండె ఆగి పోయాడు. ఆ గది గురించి బతుకంతటికీ ఒక్కసారే మాట్లాడాడు. సూదులు కాదక్కా, ఆకలీ కాదు, నేను తలుపు కొడితే అవతల నుంచి ఎవరూ తిరిగి కొట్టలేదు, అదే నన్ను తినేసింది అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఆసుపత్రివాళ్లు మొదట హాల్లో పాడమన్నారు. హాల్లో ఉండేది నెమ్మదించినవాళ్లు. కుర్చీలు వరసగా వేసి, ఫోటో తీయించి, ఏడాది నివేదికలో అచ్చు వేశారు. మూడు నెలలు అలా పాడి టీచరమ్మ పెద్ద డాక్టరు గదికి వెళ్లింది. బాగున్నవాళ్లకు పాడడానికి నేనెందుకు, రేడియో ఉందిగా, పై అంతస్తులో తలుపులేసి ఉంచారే, వాళ్ల దగ్గరికి పంపండి అంది. పెద్ద డాక్టరు మర్యాదస్తుడు. ఎవరినీ కసిరి ఎరగడు, ఎవరి మాటా విని ఎరగడు. ఆలోచిద్దామండీ అన్నాడు. ఆయన ఆలోచన తెమిలేదాకా టీచరమ్మ రోజూ వెళ్లి ఆయన గుమ్మం ముందు కూర్చుంది. పోరు పడలేక చివరికి ఒప్పుకున్నాడు. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం మూడింటికి, అరగంట. తలుపు తియ్యకూడదు. లోపలికి తీగ ఉన్న వాయిద్యం తేకూడదు, మెడకు బిగించుకుంటారు. మేకులున్నది తేకూడదు, ఊడబీకుతారు. తోలుది తేకూడదు, చింపి మింగుతారు. ఇక మిగిలింది గొంతూ చేతులే. వాటిని గేటు దగ్గర వదిలి రమ్మనలేదు, అదే పదివేలు అనుకుంది ఆవిడ.

పై అంతస్తులో పొడుగాటి కారిడారు, ఆరు తలుపులు. ప్రతి తలుపుకూ మొహమంత అద్దం, నడుం ఎత్తున కంచం పట్టేంత కంత, దానికో రేకు మూత. ఫినాయిల్ వాసన. కారిడారు మలుపు తిరిగాక నర్సు బల్ల. అక్కడ కూర్చుంటే తలుపులు కనపడవు, చప్పుళ్లు మాత్రం వినపడతాయి. బల్ల మీద ఎర్ర అట్ట పుస్తకం ఒకటి, గదికో పేజీ. ఆ పుస్తకం హెడ్ సిస్టరుది. ఆవిడ సెలవులో ఉన్నా పుస్తకం మీద ఆవిడ చూపు ఉంటుందని ఆయాలు చెప్పుకునేవాళ్లు. పుస్తకం సిస్టరనే పేరు అలాగే వచ్చింది. ఏడాదిగా వస్తున్నా టీచరమ్మ ఆ పుస్తకం తెరిచి చూడలేదు. మందుల లెక్క కాబోలు అనుకుంది.

నాలుగో గదిలోకి ఆ అమ్మాయి వచ్చింది ఒక శనివారం నాడు. పాతికేళ్లుంటాయి. పోస్టాఫీసులో కవర్ల మీద ముద్రలు కొట్టే ఉద్యోగం. నెల రోజులు నిద్ర లేక, ఒకనాడు ముద్ర తీసి కౌంటరు అద్దానికి విసిరి, పట్టుకోవడానికి వచ్చిన గార్డు చెయ్యి కొరికింది. అక్కడి నుంచి నేరుగా ఇక్కడికే తెచ్చారు. మొదటి మూడు రోజులూ తలుపును భుజాలతో గుద్దింది, అది నిజం. రెండో రోజున టీచరమ్మ కంత దగ్గర పీట వేసుకుని కూర్చుని మెల్లగా రాగం తీస్తే, లోపలి నుంచి "పో" అని ఒక్క కేక. టీచరమ్మ లేచి వెళ్లిపోయింది. పొమ్మంటే పోవడమే ఆవిడ పెట్టుకున్న మొదటి నియమం. ఆ గదిలో ఉన్న మనిషి మాట చెల్లేది ఆ ఒక్క చోటే కదా.

నాలుగో రోజు వెళ్లి పాడకుండా పీట చెక్క మీద మెల్లగా ఏడు దెబ్బలు వేసింది. లోపల అలికిడి లేదు. ఆరో రోజు మళ్లీ వేసి, చెయ్యి గాల్లో ఆపి కూర్చుంది. మోకాళ్లు పట్టేశాయి. వెళ్లిపోదామని పీట మీద నుంచి లేవబోతుంటే తలుపుకు అవతల టక్‌మని ఒక దెబ్బ పడింది. చక్కటి దెబ్బ, గట్టిది, సూటిది. రోజుకు వెయ్యి కవర్లకు ముద్ర కొట్టిన చెయ్యి మరి. టీచరమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. కంతకు నోరు ఆనించి, అంతేనమ్మా, పాడేశావు అని, నోటికొచ్చిన అలవాటు చొప్పున, నేను రాని రోజు కూడా పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు వేసుకో తల్లీ, చెయ్యి మర్చిపోకూడదు అని చెప్పి వచ్చింది.

ఆ రోజు కిందకి దిగి, మెట్ల దగ్గర బెంచీ మీద కూర్చుని ఉన్న ఆ పిల్ల తల్లికి ఈ సంగతి చెప్పింది. ఆ తల్లి ఒక బట్టల మిల్లులో దారం చుట్టే మనిషి. పని దిగి రోజూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటుంది. పైకి రానివ్వరు. తలుపు కొట్టిందా అక్కా, అయితే బాగవుతుందా అని అడిగింది. ఎందుకు బాగవదు, చూస్తూ ఉండు అంది టీచరమ్మ. ఆ మాట అన్నందుకు తర్వాత ఆవిడ తన నాలుక కోసుకోవాలనుకుంది.

పిల్ల ఇంటిపని బుద్ధిగా చేసింది. ముప్పై ఏళ్లలో ఏ విద్యార్థీ చెయ్యనంత బుద్ధిగా చేసింది. టీచరమ్మ వెళ్లిన ప్రతిసారీ ఎనిమిదో దెబ్బ సరిగ్గా సమయానికి పడేది. పన్నెండో రోజుకు తడబాటు లేదు. పదహారో రోజుకు దరువు మార్చినా అందుకుంటోంది. మాట మాత్రం లేదు. మరి ఇంకా బయటికెందుకు తేలేదని టీచరమ్మ అడిగితే, డాక్టర్లకు తెలుసులెండి అనేవాళ్లు. తెలిసే ఉంటుందనుకుంది. కోపిష్ఠి మనిషి అక్కడ ఒక్క చోట ఓర్పు పట్టింది చూడండి, పట్టకూడని చోట.

ఇరవయ్యో రోజు. మూడింటికి టీచరమ్మ పైకి వచ్చేసరికి ఆయా నర్సు బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చుని ఉంది. కళ్లద్దాలు పగిలాయట. రేపు శుక్రవారం పెద్ద డాక్టరు రౌండు, ఒక్కో గది పేజీలో మొత్తం ఎన్నిసార్లు ఉందో కూడి పెట్టమని సిస్టరు ఆర్డరు. చిన్నక్షరాలు ఆనడం లేదు, నాలుగో గది పేజీ కాస్త కూడి పెట్టరూ టీచరమ్మా అని అడిగింది. దానికేం భాగ్యం అని టీచరమ్మ ఎర్ర అట్ట పుస్తకం ముందుకు లాక్కుంది.

మొదటి మూడు రోజులూ పేజీ నిండా ఉంది. తలుపు గుద్దింది, అరిచింది, తలుపు గుద్దింది. నాలుగో రోజు ఖాళీ. ఐదో రోజు ఖాళీ. ఆరో రోజు, మధ్యాహ్నం మూడు ఇరవై, తలుపు కొట్టింది. సాయంత్రం ఆరు, తలుపు కొట్టింది, పదిసార్లు. ఏడో రోజు పొద్దున ఏడు, తలుపు కొట్టింది, పదిసార్లు. సాయంత్రం పదిసార్లు. ఎనిమిదో రోజు పొద్దున పదిసార్లు. అక్కడి నుంచి ఇవాళ పొద్దున దాకా ఒక్క పూట తప్పలేదు. ఇంటిపని మొత్తం వరసగా, గడియారం టైముతో సహా, ఆ పుస్తకంలో ఉంది.

ఇది ఎందుకు రాస్తారని అడిగింది.  ఆయా మామూలుగానే చెప్పింది. వరసగా మూడు రోజులు తలుపు చప్పుడు లేకుండా ఉంటే బయటికి తెస్తారమ్మా, చప్పుడు అయిందంటే మళ్లీ మొదటి నుంచి మూడు రోజులు అంది. ఇరవై ఒకటో రోజు రౌండు నాటికి కూడా బయట పడకపోతే దూరపు పెద్దాసుపత్రికి పంపేస్తారు, ఆరు గంటల బస్సు, అక్కడికి పోయినవాళ్లు ఏళ్ల తరబడి ఉంటారు, రేపు నాలుగో గది పిల్ల వంతు, పాపం ఆ తల్లి ఎలా పోయి వస్తుందో ఏమో అంది.

టీచరమ్మ నాలుగో రోజు ఖాళీనీ ఐదో రోజు ఖాళీనీ మళ్లీ చూసింది. ఆరో రోజు ఒక్కటి గడిస్తే ఏడో రోజు పొద్దున ఆ పిల్ల బయట ఉండేది. తను వెళ్లి తట్టి లేపి, పుండు మీద కారం చల్లి, పాడేశావమ్మా అని మెచ్చుకుని వచ్చింది. చెయ్యి మర్చిపోకూడదట. ఎవరికి కావాలి ఆ చెయ్యి గుర్తు?

పీట లాక్కుని నాలుగో గది కంత దగ్గర కూర్చుంది. చేతులు ఒళ్లోనే పెట్టుకుంది. ఇక కొట్టకమ్మా అని చెప్పాలి. ఏ నోటితో చెప్పాలి? ఎవరూ తిరిగి కొట్టలేదని తమ్ముడు ఏడ్చిన గదుల్లో, తిరిగి కొట్టడం నేర్పిన నోటితోనా?  అవతలి పిల్ల ఎదురు చూసి చూసి తనే మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, ఏడు దాకా వేసి, ఎనిమిదోది ఆపింది. టీచరమ్మకు వదిలింది. ఇరవై రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల తనంతట తను ఒక మనిషిని పిలిచింది. టీచరమ్మ పళ్లు బిగించుకుని తలుపు మీద ఆ దెబ్బ వేసింది. మలుపు అవతల ఆయా కలం తీసుకుని రాసింది. మూడు ముప్పై ఐదు, తలుపు కొట్టింది.

అక్కడి నుంచి ఆవిడ అగ్గి మీద గుగ్గిలమే. సిస్టరు గదికి వెళ్లింది. అది కోపంతో బాదడం కాదు, నేను నేర్పిన పాఠం అని మొత్తుకుంది. సిస్టరు చివరిదాకా విన్నది. వినడంలో ఆవిడకు వంక పెట్టడానికి లేదు.

"నేను విన్నది రాయిస్తాను టీచరుగారూ. ఎందుకు కొట్టారో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు."

"లేకపోతే గియ్యమ్మా. స్కేలు నేనిస్తాను."

అది పై వాళ్ల పని అంది సిస్టరు. పై ఆయన దగ్గరికి వెళ్లింది టీచరమ్మ. పెద్ద డాక్టరు కుర్చీ చూపించి కూర్చోబెట్టి, సంగీతం అంటే తమకెంత గౌరవమో చెప్పాడు. నివేదికలో ఫోటో చూపించాడు. కానీ చూడండి, చప్పుడు చప్పుడే, ఒక్కొక్కరి కోసం రూలు మార్చుకుంటూ పోతే ఆసుపత్రి నడవదు, మీరు ఆ అమ్మాయి మీద మమకారం పెంచుకున్నారు, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తరం కాదు అన్నాడట. ఈయన అంత కూడా అనలేదు, చిరునవ్వు నవ్వి ఫైలు మూసేశాడు.

టీచరమ్మ మెట్లు దిగేటప్పుడు బెంచీ మీద ఆ తల్లి ఉంది. ఈరోజు కొట్టిందా అక్కా అని అడిగింది, ఎప్పటిలాగే, ఆశగా. టీచరమ్మ ఆవిడ మొహం చూడలేక చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగి, కొట్టిందమ్మా అని చెప్పి బయటపడింది.

ఇంట్లో ఆయన ఉన్నాడు. ఆయన దర్జీ. నలభై ఏళ్లుగా వీధి గదిలో మిషను వేసుకుని, పెళ్లాం కోపాన్ని మిషను చప్పుడు కింద దాచుకుంటూ కాపురం చేసిన మనిషి. ఆ సాయంత్రం మిషను ఆపి మరీ విన్నాడు. ఆవిడ సంచీ విసిరేసింది, బల్ల మీద కొట్టింది, డాక్టర్ని తిట్టింది, సిస్టర్ని తిట్టింది, అందరికంటే ఎక్కువ తనను తాను తిట్టుకుంది. ఇంటిపని ఇచ్చానండీ, వాళ్లు పెట్టిన ఉచ్చులోకి ఆ పిల్లను నేనే చెయ్యి పట్టుకుని నడిపించానండీ అని బల్ల మీద మళ్లీ కొట్టింది. ఆయన బల్ల మీది నుంచి గుండీల డబ్బా తీసి పక్కన పెట్టాడు.

"నిన్ను ఆ గదిలో పెట్టినా వదలరే. బల్ల కొట్టకుండా నువ్వు మూడు రోజులుంటావా? మూడు నిమిషాలు ఉండలేవు. రాసి రాసి వాళ్ల పుస్తకం అయిపోద్ది."

నవ్వించాలనే అన్నాడు పాపం. ఆవిడ నవ్వలేదు. కొట్టబోయిన చెయ్యి అలాగే ఆపి ఆయన వంక చూసింది. ఆ చూపు ఆయనకు తెలుసు. అమ్మో, నేనేమన్నానే అని సర్దుకోబోయాడు గాని అప్పటికే ఆలస్యమైపోయింది.

మర్నాడు రౌండు పదింటికి. టీచరమ్మ తొమ్మిదిన్నరకే పైన ఉంది. ఐదో గది వారం రోజులుగా ఖాళీ. ఆయాను పక్కకు పిలిచి సంగతి చెప్పింది. ఉద్యోగం పోతుందమ్మా అంది ఆయా. టీచరమ్మ బతిమాలలేదు. నిన్న నువ్వు రాసిన మూడు ముప్పై ఐదు చూశాను, అది కొట్టింది ఆ పిల్ల కాదు, నేను అని మాత్రం చెప్పింది. ఆయా నడుముకున్న తాళాల గుత్తి తీసింది. నా కళ్లద్దాలు పగిలాయి, నాకేం కనపడలేదు అని గొణుక్కుంటూ తలుపు తెరిచింది. టీచరమ్మ లోపలికి వెళ్లాక బయట గడియ పడింది.

ఏడాది నుంచి ఆ తలుపుల ముందు కూర్చుంటున్నదే గాని, లోపల ఎలా ఉంటుందో ఆవిడ చూసింది ఆ రోజే. నేలకు బిగించిన మంచం. పైన ఎవరికీ అందని ఎత్తులో కిటికీ. గడియారం లేదు. కంత దగ్గర ఎన్నో చేతులు తగిలి రంగు పోయిన చోటు. ఉన్నది పది నిమిషాలు, రెండు గంటలయిందనిపించింది. తమ్ముడు ఇలాంటి గదిలో నలభై రోజులున్నాడా అనుకుంటూ ఆ రంగు పోయిన చోట అరచెయ్యి ఆనించింది. ఏడవడానికి టైము లేదు. కారిడారులో బూట్ల చప్పుడు వినపడింది.

రౌండు ఒకటో గది నుంచి మొదలైంది. మూడో గది దగ్గరికి వచ్చారని గొంతులను బట్టి పోల్చుకుని, టీచరమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. మెల్లగా, గుక్క తిప్పుకోకుండా, ఒకే దరువు. ఎనిమిది దెబ్బలు, మళ్లీ ఎనిమిది, మళ్లీ ఎనిమిది.

నాలుగో గది దాటి వచ్చి పెద్ద డాక్టరు ఐదో గది ముందు ఆగాడు. అద్దంలోంచి చూడలేదు. చూసే అలవాటు ఎప్పుడో పోయింది. ఐదో గది కూడా తగ్గలేదన్నమాట, ఇంకో మూడు రోజులు పెంచండి, రాత్రికి మందు డోసు పెంచండి అన్నాడు. ఐదో పేజీ ఖాళీగా ఉంది. రాత్రి డ్యూటీవాళ్లు ఎవరినో చేర్చుకుని కాగితాలు తర్వాత పంపడం అక్కడ మామూలే కాబట్టి సిస్టరు మారు మాట్లాడకుండా రాసింది. తలుపు కొట్టుట, మూడు రోజులు పొడిగింపు, మందు పెంపు. కింద పెద్ద డాక్టరు సంతకం పెట్టాడు.

అప్పుడు కంత మూత పైకి లేచింది.

"డాక్టరుగారూ, ఐదో గది పేషెంటుని నేనే. మందు ఏ రంగుది పంపిస్తారు?"

ఆ క్షణాన అక్కడి మొహాలు చూడడానికి టికెట్టు పెట్టినా జనం వచ్చేవాళ్లని ఆయా తర్వాత చెప్పుకుంది. మర్యాదస్తుడికి మొదటిసారి గొంతు లేచింది. ఎవరు పంపారు లోపలికి, గార్డుని పిలవండి, పోలీసుని పిలవండి అన్నాడు. నేనే దూరాను, ఎవరికీ సంబంధం లేదు అంది టీచరమ్మ. గడియ బయటే ఉంటుందన్న సంగతి ఆ గొడవలో ఎవరికీ గుర్తు రాలేదు. ముందు ఆ పేజీ కొట్టెయ్యండి అని డాక్టరు సిస్టరు వైపు తిరిగాడు.

సిస్టరు కలం మూత పెట్టింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆవిడ ఎదురు చెప్పింది అదే మొదటిసారని అంటారు. చెప్పింది కూడా తన ధోరణిలోనే చెప్పింది.

"ఈ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదండీ. రూలు మీరు పెట్టిందే. సంతకం కూడా అయిపోయింది."

టీచరమ్మ కంతలోంచి చూస్తూనే ఉంది. అయితే రూలు ప్రకారం మూడు రోజులూ ఇక్కడే ఉంటాను, పైవాళ్లు పుస్తకం తనిఖీకి తెప్పించుకున్నప్పుడు ఐదో గదిలో ఎవరున్నారో, ఎందుకున్నారో వాళ్లకు చెప్పుకుందురు గాని అంది. లేదూ, నేను బాదింది పిచ్చి కాదంటారా, నాలుగో గదిలో బాదిందీ అదే దరువు, ఇద్దరినీ వదలండి అంది. నా చప్పుడు మనిషి చప్పుడు, ఆ పిల్ల చప్పుడు జబ్బు చప్పుడు ఎలా అయ్యాయి, చదువుకున్నవాళ్లు కదా, అర్థమయ్యేట్టు చెప్పండి అంది.

 డాక్టరు నోరు తెరిచేలోపే నాలుగో గది తలుపు మీద, అటు నుంచి, టక్‌మని ఒక్క దెబ్బ పడింది. డాక్టరు ఉలిక్కిపడ్డాడు. సిస్టరు పుస్తకం తెరవలేదు.

ఇద్దరినీ వదిలారు. మంచితనం కొద్దీ కాదు, తనిఖీ భయం కొద్దీ. నాలుగో గది పిల్లను మామూలు వార్డుకు మార్చాలని, దూరపు ఆసుపత్రికి పంపడం రద్దని డాక్టరు రాసి సంతకం పెట్టాడు. టీచరమ్మ ఇక మీదట ఆసుపత్రి పై అంతస్తులో కాలు పెట్టకూడదని మరో కాగితం రాసి దాని మీదా సంతకం పెట్టాడు. మిగతా ఐదు గదుల రూలు అలాగే ఉంది. ఆరో గదిలోని ముసలాయనకు ఆవిడ ఎనిమిదో దెబ్బ నేర్పుతూ ఉండింది, ఆయనకు ఇక రానని చెప్పడానికి కూడా ఒప్పుకోలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

పదకొండింటికి ఆ పిల్లను కిందకి, చుట్టాలు వచ్చి కలిసే గదిలోకి తీసుకొచ్చారు. సిస్టరు వెంట వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పిల్ల చిక్కిపోయి ఉంది, వెలుగుకు కళ్లు చిట్లిస్తోంది. మిల్లుకు సెలవు పెట్టి వచ్చిన తల్లి, నా బంగారు తల్లీ అంటూ మొహమంతా తడిమి తడిమి చూసుకుంది. అద్దంలోంచి తప్ప ఎప్పుడూ చూడని ఆ మొహాన్ని టీచరమ్మ కూడా దగ్గరగా చూసింది.  క్షమించమ్మా అనాలనుంది. దేనికని అడిగితే చెప్పే ధైర్యం లేదు. అందుకని తనకు వచ్చిన పనే చేసింది. బెంచీ చెక్క మీద ఏడు దెబ్బలు వేసి, చెయ్యి గాల్లో ఆపింది.

పిల్ల చెయ్యి లేచింది. బెంచీకి జానెడు ఎత్తున ఆగిపోయింది. తల తిప్పి గుమ్మం దగ్గరున్న సిస్టరు చేతుల వంక చూసింది.

"రాస్తారా?" అంది.

మొదట్లో 'పో' అన్న కేక తర్వాత ఆ నోట వచ్చిన మొదటి మాట అది. తల్లికి అర్థం కాలేదు, మాట్లాడింది అక్కా, నా బిడ్డ మాట్లాడింది అని టీచరమ్మ భుజం పట్టుకుని ఊపేసింది. అంటే పిల్లకు తెలుసన్నమాట. ఆయాల మాటలు వినో, రౌండులో డాక్టరు మాటలు వినో, తను కొట్టిన ప్రతి దెబ్బా ఎక్కడో రాస్తున్నారని తెలుసు. రోజులు పెరుగుతున్నాయని తెలుసు. తెలిసీ, అవతల ఒక మనిషి ఎదురు చూస్తోందని, మానకుండా కొట్టింది.

సిస్టరు ఖాళీ చేతులు రెండూ చూపించి, రాయనమ్మా అంది. పిల్ల నమ్మలేదు.

"రాస్తే నా పేరు మీద రాస్తారు. నువ్వు కొట్టు," అంది టీచరమ్మ.

పిల్ల కొట్టింది. వేలి కొనతో, బెంచీ అంచున, చప్పుడు కాకుండా కొట్టింది. కారిడారు మలుపు దాటి వినపడిన చెయ్యి అది. పక్కనే కూర్చున్న టీచరమ్మకు వినపడలేదు.